ఇంటి విద్య ఊరి విద్య అయిన తీరు: శ్రీకాళహస్తి కలంకారీ శిక్షణ కేంద్రం

అఖిల భారత హస్తకళల బోర్డు 1957లో శ్రీకాళహస్తిలో ఒక శిక్షణ కేంద్రం తెరిచింది. అక్కడ నేర్పింది ఒకే ఒక్క విద్య. నూలు బట్ట మీద వెదురు కలంతో బొమ్మ గీసి, కాయలు, పూలు, వేళ్లు, ఇనుప తుప్పు నుంచి తీసిన రంగులు దానికి ఎక్కించడం. ఆ నాటికి ఊళ్లో ఈ పని సాంతం తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఇప్పుడు ఆ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలంకారీయే బతుకుదెరువైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఈ రెండు కాలాలకూ మధ్య నిలిచింది ఆ చిన్న కేంద్రమే. ఒక కుటుంబం దగ్గర మిగిలిపోయిన విద్య ఒక ఊరి వృత్తిగా ఎలా మారిందో తెలియాలంటే దాని చరిత్ర చూడాలి.

శ్రీకాళహస్తి స్వర్ణముఖి ఒడ్డున ఉంది. ఇంతకుముందు చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాళహస్తీశ్వరుడి గుడి వల్ల ఊరికి వేరే పరిచయం అక్కర్లేదు. కలంకారీకి కావలసిన రెండూ ఇక్కడే దొరికాయి: బట్ట ఉతకడానికి పారే నీరు, బొమ్మల బట్ట కొనడానికి గుడి. దేవుడి వెనక కట్టే తెరలు, పైన పరిచే చాందినీలు, రథానికి చుట్టే గుడ్డలు, పండగపూట మండపంలో వేలాడదీసే కథల పటాలు, ఇవన్నీ ఇక్కడి చేతిపనే. పటం నడుమ శ్రీరామ పట్టాభిషేకం లాంటి పెద్ద ఘట్టం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్లలో కథ నడుస్తుంది. ఒక్కో వరస అంచున ఆ ఘట్టం ఏమిటో తెలుగులో రాసి ఉంటుంది. అందువల్ల గీసేవాడికి గీత ఒక్కటే వస్తే చాలేది కాదు. రామాయణ, భారత, భాగవతాల కథాక్రమం నోటికి రావాలి, అక్షరం కుదురుగా రావాలి. ఇక్కడి పనివాళ్లు దీన్ని వ్రాతపని అన్నారు. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో చేసేది అద్దకం. రంగుల తయారీలో ఈ రెండు ఊళ్లూ దగ్గర చుట్టాలే. చేయి తిరిగే తీరులో మాత్రం పోలిక లేదు.

కోరమండల తీరంలో ఇలా రంగులద్దిన బట్టలకు ఒకప్పుడు ప్రపంచమంతా గిరాకీ. మచిలీపట్నం సరుకు గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియాకు, ఆగ్నేయాసియాకు వెళ్లేది. డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఈ తీరంలో కోఠీలు కట్టుకోవడానికి ఒక పెద్ద కారణం ఈ బట్టలే. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లిషు కంపెనీకి మద్రాసు చోటు ఇచ్చాడు. కాళహస్తి పాలకులు ఆ దామెర్లవారే. ఐరోపాలో ఈ బట్టల మోజు ఎంత పెరిగిందంటే అక్కడి నేతగాళ్లు, పట్టు వ్యాపారులు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసింది. చట్టాలు ఒక పక్క ఉండగానే, ఈ రంగు ఉతికినా ఎందుకు పోదన్న రహస్యం కోసం ఐరోపావాళ్లు మనుషుల్ని పంపారు. బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో ఒక్కో దశకూ ఒక బట్ట ముక్క కత్తిరించి వివరం రాసుకున్నాడు. కూర్దూ అనే జెస్విట్ పాదిరి 1742లో ఈ ప్రక్రియ మొత్తం లేఖల్లో వివరించాడు. మనవాళ్ల ఇళ్లలో తండ్రి కొడుక్కి నోటిమాటగా, చేతిచూపుగా చెప్పిన విద్యను మొదట కాగితం మీద పెట్టింది పరదేశీయులే.

గుడిబట్టల పనికి ఐరోపా వ్యాపారంతో నేరుగా సంబంధం తక్కువ. కాళహస్తి పటాలు ఓడలెక్కడం కోసం పుట్టినవి కావు. అయినా దెబ్బ మాత్రం వాటికీ తగిలింది. మాంచెస్టర్ మిల్లు గుడ్డ ఊరూరా చేరింది. చిరివేరు, మంజిష్ఠ ఇచ్చే ఎరుపును 1868లో జర్మన్ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. 1897 నుంచి కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. వారాల తరబడి పట్టే రంగు ఒక డబ్బాలో దొరుకుతుంటే చవక పటాలు కొనేవాళ్లు అటే పోయారు. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అధిపతి డబ్ల్యు.ఎస్. హడవే 1917లో మద్రాసు రాజధానిలోని బట్టల చిత్రణ, అద్దకాల మీద ఒక పుస్తకం తెచ్చాడు. అప్పటికే ఈ పని కళ్లముందే తరిగిపోతోంది. చివరి దెబ్బ సంస్థానాలు పోవడం. మద్రాసు ప్రభుత్వం 1948లో జమీందారీ రద్దు చట్టం చేసింది. పటం రాయించి గుడికి సమర్పించే దాతలలో పెద్ద భాగం దానితో కనుమరుగైంది. కొనేవాడు లేని పనిని ఏ తండ్రీ కొడుక్కి నేర్పడు. కొడుకుల్ని బళ్లో చేర్చి ఉద్యోగాలకు పంపారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

సరిగ్గా ఈ దశలో వచ్చారు కమలాదేవీ చటోపాధ్యాయ. ఆమె స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్లిన నాయకురాలు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలయ్యారు. చేతిపనులు ప్రదర్శనశాలల అలమారాల్లో కాదు, చేసేవాళ్ల చేతుల్లో బతకాలన్నది ఆమె పట్టుదల. శ్రీకాళహస్తిలో ఆమెకు కనిపించిన ఆధారం జొన్నలగడ్డ లక్ష్మయ్య. పాత పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా పటం తీయగలిగిన కొద్దిమందిలో ఆయన ఒకరు. కేంద్రం తెరవగానే గురువు పీఠం ఆయనకే ఇచ్చారు.

ఈ ఒక్క నిర్ణయమే మిగతా అంతటికీ పునాది. అప్పటికే తెలుగునాట చిత్రకళ నేర్పే చోట్లు లేకపోలేదు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు తదితరులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాలు శైలి నేర్పారు. అడివి బాపిరాజు లాంటివాళ్లు ఆ ఒడిలో తయారయ్యారు. రాజమండ్రిలో దామెర్ల రామారావు స్థాపించిన బడి నుంచి ఒక తరం చిత్రకారులు వచ్చారు. అవి కొత్త కళాకారుల్ని తయారుచేసిన బడులు. అక్కడ చదివినవాడు ఏ ఊరికైనా వెళ్లి తనకంటూ ఒక పేరు తెచ్చుకోవచ్చు. శ్రీకాళహస్తి కేంద్రం లక్ష్యం వేరు. బయటి నుంచి చిత్రకళ పట్టా ఉన్న పంతుల్ని తీసుకురాలేదు. ఊళ్లో మిగిలిన పనిమంతుణ్ణే పంతులును చేసి, ఆయన ఇంటి పిల్లలకు మాత్రమే తెరుచుకునే తలుపును ఊరివాళ్లకు తెరిచింది. కులవృత్తులు నడిచే ఏ ఊరివాళ్లకైనా ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది. నారాయణపేటలో చీర నేసే ఇళ్లు చూసినా అదే తీరు: పిల్లలు కండెలు చుడుతూ పెరుగుతారు, మగ్గం మెలకువలు ఆ గడప దాటి బయటికి పోవు. శ్రీకాళహస్తిలో గడప దాటించింది ఈ కేంద్రం.

ఇంతకీ నేర్చుకోవలసింది ఎంత? వినడానికి ‘గీయడం, రంగు వేయడం’ అన్నంత తేలికగా ఉంటుంది. ముందు గాడా అనే ముతక నూలు బట్టను పేడ నీళ్లలో నానేసి, ఉతికి, ఎండకు వేసి గంజి, మురికి పోగొట్టాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఆరేయాలి. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. పాలు పలచబడితే గీత అలుక్కుపోతుంది. పాలు చిక్కనివా పలచనివా అన్నది చేతికి తెలియాలి తప్ప కొలతపాత్ర చెప్పదు. ఎండిన బట్ట మీద చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో లీలగా బొమ్మ వేసుకుంటారు. పైన నల్ల గీత గీయడానికి కసిం కావాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూతకట్టి వారాల పాటు పులియబెడితే వచ్చే నీరే కసిం. చూడడానికి అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబారుతుంది. గీసే మనిషి కళ్లముందే గీత ముదురుతుంది. అందుకే ఇక్కడ చెరిపి దిద్దుకోవడం ఉండదు.

కలం సంగతి మరొకటి. మొన తేలిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గానీ పాత గుడ్డ గానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది. గీసేటప్పుడు దాన్ని వేళ్లతో సన్నగా నొక్కుతూ ఉంటే పుల్ల వెంట రంగు దిగుతుంది. ఎక్కువ నొక్కితే చుక్క పడుతుంది, తక్కువ నొక్కితే గీత తెగుతుంది. సన్న గీతకు పదునైన కలం, లోపల నింపడానికి మొద్దు కలం. ఎవరి కలం వాళ్లే చేసుకుంటారు. కొత్తగా చేరినవాళ్లు కన్ను, ముక్కు, చేతి ముద్ర, కిరీటం, నగ, పూలతీగ వేల సార్లు గీస్తేనే చేయి నిలుస్తుంది.

రంగుల దశ ఇంకా ఓపిక అడుగుతుంది. ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూసి ఆరనిస్తారు. ఆ తర్వాత పారే నీటిలో జాడించాలి. నిలవనీటిలో ముంచితే వదిలిన పటిక పక్కన మరకలు కడుతుంది. ఆపైన చిరివేరు, మంజిష్ఠ లాంటి వేళ్లు, చెక్కలు వేసి కాచిన నీళ్లలో బట్టను ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, లేనిచోట మళ్లీ పేడనీళ్లు, ఎండ కలిసి తెలుపు తెస్తాయి. ఇంకోసారి పాలు పట్టించి, కరకపువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం వేస్తారు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. రాముడికి, కృష్ణుడికి నీలం, స్త్రీ మూర్తులకు పసుపు, రాక్షసులకు ఎరుపు, ఇలా రంగులకూ వాడుక ఉంది. ఇదంతా ఒక వరసలో నడవాలి. ఒక మెట్టు వెనకాముందైతే బట్ట పాడవుతుంది. ఇంట్లో అయితే పిల్లవాడు ఏళ్ల తరబడి తండ్రి పక్కన కూర్చుని ఇవన్నీ చూస్తూ నేర్చుకుంటాడు. అలా పుట్టి పెరగనివాళ్లకు నేర్పాలంటే ప్రతి మెట్టునూ విడదీసి, ముందువెనకలు చెప్పి, చేయించి చూపాలి. లక్ష్మయ్య ముందున్న అసలు కష్టం అదే. చేతికి తెలిసినదాన్ని మాటల్లోకి తేవడం పెద్ద పనివాళ్లందరికీ చేతకాదు.

కేంద్రంలో మొదట నేర్చుకున్నవాళ్లలో లక్ష్మయ్య కొడుకు గురప్పశెట్టి ఒకరు. ఆయన 1937లో పుట్టారు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. ఆ తరంలో చదువుకున్న యువకుడికి బడిలో కొలువు వదిలి కలం పట్టమంటే అంత తేలిక నిర్ణయం కాదు. ఆయన ఆ వైపు వచ్చారు కాబట్టే ఈ విద్యకు ఒక వ్యాఖ్యాత దొరికాడు. పురాణ కథల్లో ఆయనకున్న పట్టు పటాల్లో ఘట్టాల ఎంపికలో కనిపిస్తుంది. దేశవిదేశాల్లో పని చేసి చూపించారు, ఎందరికో నేర్పారు. 2008లో పద్మశ్రీ అందుకున్నారు. కొడుకు నిరంజన్ కూడా ఇదే పనిలో పేరు తెచ్చుకున్నారు. మూడు తరాల మధ్య పోలిక చూస్తే కేంద్రం తెచ్చిన మార్పు తెలుస్తుంది. లక్ష్మయ్య గుడి పటాల లోకంలో పుట్టిన మనిషి. కొడుకు ప్రభుత్వ కేంద్రం, ప్రదర్శనలు, పురస్కారాల కాలంలో ఎదిగారు. మనవడి పనికి కొనుగోలుదారు ప్రపంచంలో ఎక్కడైనా ఉండవచ్చు.

జొన్నలగడ్డవారి కథ ఒక్కటే చెప్పి ఆపితే కేంద్రానికి అన్యాయం చేసినట్టే. దాని అసలు ఫలితం పేరులేని గుంపులో ఉంది. శిక్షణ పొందినవాళ్లు ఇళ్లలో సొంతంగా పని మొదలుపెట్టారు. ఒక్కో ఇంటి వరండా ఒక చిన్న బడి అయింది. ఒప్పందం పెద్దదైతే పొరుగింటివాళ్లను పిలిచారు. పిలిచినవాళ్లు కొన్నాళ్లకు వేరుపడి తమ సొంత శిష్యుల్ని కూర్చోబెట్టుకున్నారు. పని పంపకం కూడా మారింది. పాత కాలంలో పటం మొదటి నుంచి చివరి వరకు ఒకే ఇంటి పని. ఇప్పుడు గీసేవాళ్లు వేరు, రంగు నింపేవాళ్లు వేరు, ఉడికించి ఉతికేవాళ్లు వేరు. రంగు నింపే పని ఎక్కువగా ఆడవాళ్ల చేతికి వచ్చింది, క్రమంగా గీత కూడా. బెంగళూరుకు చెందిన అనితా రెడ్డి మొదలుపెట్టిన ‘ద్వారక’ సంస్థ ఈ ఊరి మహిళలకు కలంకారీలో శిక్షణ, పని కల్పించింది. ఆమె 2011లో పద్మశ్రీ పొందారు. ఒకప్పుడు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే అందిన కలం కూతుళ్లకు, కోడళ్లకు అందడం ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలోనూ కలంకారీ ఒక పాఠ్యాంశం అయింది. దానితో ఈ విద్యకు ఊరి బయట కూడా ఒక బడి దొరికింది.

కొనేవాళ్లు మారడంతో బట్ట స్వరూపమూ మారింది. ప్రభుత్వ ఎంపోరియాలు, లేపాక్షి దుకాణాలు, 1982లో బ్రిటన్‌లోనూ 1985లో అమెరికాలోనూ మొదలైన భారత ఉత్సవాలు చేతిపనులకు కొత్త బజార్లు చూపించాయి. మండపానికి సరిపోయే పటం నగర గృహంలో గోడకు పెద్దదవుతుంది. అందుకని ఒకే ఘట్టం, ఒకే మూర్తి ఉన్న చిన్న పటాలు వచ్చాయి. వినాయకుడు, గీతోపదేశం, కొమ్మల నిండా పక్షులున్న జీవవృక్షం ఎక్కువగా అమ్ముడయ్యాయి. ఆ తర్వాత చీర కొంగులు, దుపట్టాలు, జాకెట్టు ముక్కలు వచ్చాయి. ఇంటి ఖర్చు నెలనెలా గడిచేది వీటి మీదే. పెద్ద రామాయణ పటానికి నెలలు పడుతుంది, కొనేవాళ్లు అరుదు. ఫలితంగా కథాక్రమం, వరసల అమరిక, అంచుల మీద తెలుగు రాత తెలిసినవాళ్లు తగ్గుతున్నారు. కొంగు మీద నెమలి అందంగా గీయగలిగిన ప్రతి చేయీ పట్టాభిషేక పటాన్ని నిలబెట్టలేదు. వృత్తి విస్తరించి, విద్య కొంత పలచబడిందన్న మాట కఠినంగా ఉన్నా నిజం. అయితే విస్తరించకపోయి ఉంటే ఆ కొద్ది విద్య కూడా మిగిలేది కాదు.

మరో పర్యవసానం శైలికి సంబంధించింది. ఒక ఊళ్లో చాలామంది ఒకే గురువు గీత చూసి నేర్చుకుంటే అందరి చేతిలోనూ ఆ గురువు ఛాయ ఉంటుంది. విశాలమైన కళ్లు, గుండ్రని ముఖాలు, నిండుగా నగలు, ఖాళీ లేకుండా నింపిన పూలు, ఎర్రని నేపథ్యం చూడగానే ‘కాళహస్తి పని’ అని గుర్తుపట్టేలా ఉండడానికి ఇదొక కారణం. ఆ పోలిక ఊరికి గుర్తింపు తెచ్చింది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో ఆ గుర్తింపు తొలినాళ్లలోనే పొందిన చేతిపనుల్లో ఇది ఒకటి. మచిలీపట్నం అద్దకానికి విడిగా గుర్తింపు ఉంది.

గుర్తింపు పత్రం ఉన్నా బజారులో పోటీ ఆగలేదు. కలంకారీ అని అమ్ముడుపోయే గుడ్డలో చాలా భాగం రసాయన రంగులతో తెరముద్రణ చేసినది, మిల్లులో అచ్చేసినది. వెదురు కలంతో రోజుల తరబడి గీసిన దుపట్టా పక్కన అది చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. తేడా తెలియని కొనుగోలుదారుకు రెండూ ఒకటే. తేడా పట్టుకోవాలంటే గీతను దగ్గరగా చూడాలి. చేతి గీత అంతా ఒకే మందంలో ఉండదు, రంగు నిండి ఉన్నచోట లావుగా మొదలై కొసకు సన్నబడుతుంది. ఒకే పటంలో రెండు నెమళ్లు ఉంటే రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. సహజ రంగుల బట్టకు పాలు, కరక్కాయ కలిసిన వాసన కొన్నాళ్లపాటు ఉంటుంది. ఇంకో ఇబ్బంది నీరు. స్వర్ణముఖిలో ఇప్పుడు ఏడాదంతా పారే నీరు లేదు. చాలామంది బోరు నీటితో తొట్లలో ఉతుకుతున్నారు. నీటిలోని ఉప్పును బట్టి రంగు ఛాయ మారుతుంది కాబట్టి ఒకే పాళ్లు కలిపినా రెండు ఇళ్లలో ఒకే ఎరుపు రాదు.

ఈ ఇబ్బందుల మధ్యనే నేర్పడం సాగుతోంది. పురస్కారాలు పొందిన పెద్ద పనివాళ్లు హస్తకళల శాఖ పథకాల కింద ఇళ్లలోనే శిష్యులకు నేర్పుతున్నారు. డిజైన్ సంస్థల విద్యార్థులు వచ్చి వారాల తరబడి ఉండి రంగుల పని నేర్చుకుని వెళ్తున్నారు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజుల్లో ఇచ్చే పని అప్పటిలాగే ఇప్పుడూ బొగ్గుముక్కతో గీతలు గీయడం, వెదురు పుల్లకు ఉన్ని చుట్టి సొంత కలం కట్టుకోవడం.